దీపం పట్టిన చేతికీ విశ్రాంతి కావాలి

ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితంలో మనం పిల్లలకు చెప్పని భాగం

బడిలో వేషధారణ పోటీ పెట్టినప్పుడల్లా ఎవరో ఒక చిన్నారి తెల్ల చీర చుట్టుకుని, చేతిలో ప్రమిదో టార్చిలైటో పట్టుకుని వేదిక ఎక్కుతుంది. ఎవరమ్మా నువ్వు అని అడిగితే ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటుంది. మనం చప్పట్లు కొడతాం. రాత్రంతా దీపం పట్టుకుని రోగులకు సేవ చేసిన తల్లి అని నాలుగు ముక్కలు చెబుతాం. పాఠం అక్కడితో అయిపోతుంది.

ఒకప్పుడు అలా దీపం పట్టుకుని నిలబడిన పిల్ల ఒకామె పోయిన దీపావళి సెలవుల్లో మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వరసగా రాత్రి డ్యూటీలు, వార్డు నిండా రోగులు, చూసుకోవడానికి తానొక్కతే. మొదట్లో రోగి పిలిస్తే పరుగెత్తేదట. ఇప్పుడు ఎవరు పిలిచినా విసుగు వస్తోందనీ, ఆ విసుగును చూసి తనకే భయమేస్తోందనీ చెప్పుకుని ఏడ్చింది. సేవ చేసే మనసు తనలో చచ్చిపోయిందేమోనని ఆమె బాధ. నేను చెప్పిన పాఠంలో ఆ కన్నీటికి జవాబు లేదు. అందుకే నైటింగేల్ జీవితాన్ని మళ్ళీ మొదటి నుంచీ చదివాను. జవాబు అక్కడే ఉంది. మనమే చదవకుండా వదిలేశాం.

ఊరి పేరే పేరైంది

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు సంపన్నులైన ఆంగ్లేయులు. యూరప్‌లో తిరుగుతున్న రోజుల్లో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పెద్దమ్మాయి నేపుల్స్‌లో పుడితే ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపి అని పెట్టారు. రెండో అమ్మాయికీ పుట్టిన ఊరి పేరే వచ్చింది.

ఇంగ్లండులో వాళ్ళకు రెండు పెద్ద ఇళ్ళుండేవి. తండ్రి విలియం బాగా చదువుకున్నవాడు. కూతుళ్ళకు తనే కూర్చుని గ్రీకు, లాటిన్, జర్మన్, ఇటాలియన్, చరిత్ర, తత్వశాస్త్రం నేర్పాడు. ఫ్లోరెన్స్‌కు లెక్కలంటే మక్కువ. ఆడపిల్లకు ఇంత గణితం ఎందుకని ఇంట్లో అభ్యంతరం వచ్చినా ఆమె పట్టు వదలలేదు. ఆ లెక్కలే తర్వాత వేల ప్రాణాలు కాపాడాయి. ఈ సంగతి గణితం చెప్పే ఉపాధ్యాయులు తరగతిలో తప్పక చెప్పాలి.

పదహారేళ్ళ వయసులో, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనను ఏదో పనికి పిలిచాడని ఆమెకు గట్టిగా అనిపించింది. అది రోగుల సేవ అని తేలడానికి కొన్నేళ్ళు పట్టింది. 1845లో దగ్గరి ఊళ్ళోని ఆసుపత్రిలో పని నేర్చుకుంటానని అడిగారు. ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. ఆ రోజుల్లో నర్సు అంటే చదువూ శిక్షణా లేని, వేరే గతి లేక వచ్చిన పనిమనిషి. తాగుతారని చెడ్డపేరు కూడా. పెద్దింటి పిల్ల ఆ పనికి వెళ్ళడమేమిటని తల్లీ అక్కా మంచం పట్టినంత పని చేశారు.

ఆ తర్వాతి ఏళ్ళు ఆమెకు నరకమే అయ్యాయి. విందులు, అల్లికలు, చుట్టాల పలకరింపులు. పగటి కలల్లోకి జారిపోవడం అలవాటైంది. పెళ్ళి సంబంధం కాదనుకున్నారు. ముప్ఫై ఏళ్ళు నిండే నాటికి బతుకు మీదే విరక్తి కలిగిందని ఆమె రాసుకున్న డైరీలు చెబుతాయి. చెయ్యాలనుకున్న పని చెయ్యనివ్వకపోయినా మనిషి లోపల కాలిపోతుంది. నర్సింగ్ చదువుతానన్న పిల్లను, పరువు తక్కువని ఆపే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఆ దిగులు రోజుల్లో ఆమెకు తోడైనది ఒక గుడ్లగూబ పిల్ల. 1850లో ఏథెన్స్ వెళ్ళినప్పుడు, గూటి నుంచి పడిపోయిన దాన్ని తెచ్చి అథీనా అని పేరు పెట్టి, జేబులో పెట్టుకుని తిరిగేవారు. అదే ప్రయాణంలో జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కైజర్స్‌వెర్త్ ఆసుపత్రిని చూశారు. మరుసటి ఏడాది, 1851లో, ఇంట్లో వాళ్ళ అయిష్టం మధ్యనే అక్కడికి తిరిగి వెళ్ళి మూడు నెలలు శిక్షణ పొందారు.

మెట్లెక్కే కాళ్ళ గురించి ఆలోచన

1853 ఆగస్టులో లండన్‌లోని హార్లీ వీధిలో స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురాలయ్యారు. జీతం లేదు. తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చేవాడు. అప్పటికి వయసు 33.

ఆ ఉద్యోగంలో ఆమె మొదట అడిగినవేమిటో చూడండి. ప్రతి అంతస్తుకూ గొట్టాల ద్వారా వేడి నీళ్ళు రావాలి. రోగుల భోజనం వంటింటి నుంచి పైకి పంపడానికి ఒక లిఫ్టు కావాలి. రోగి గంట కొడితే నర్సు గది బయట మోగాలి, ఎవరు కొట్టారో కనబడాలి. ఇవి లేకపోతే నర్సు రోజంతా మెట్లెక్కి దిగడానికే సరిపోతుందని, రోగి దగ్గర ఉండే సమయం మిగలదని ఆమె వాదన. మరింత ఓపిగ్గా ఉండండమ్మా అని నర్సులకు నీతులు చెప్పలేదు. వాళ్ళ కాళ్ళను వృథాగా అరగదీస్తున్నదేమిటో ముందు వెతికారు.

స్కుటారి

1854లో రష్యాతో జరుగుతున్న క్రిమియా యుద్ధంలోకి బ్రిటన్ దిగింది. గాయపడిన బ్రిటిష్ సైనికులను ఓడల్లో ఇస్తాంబుల్ ఎదురుగా ఉన్న స్కుటారికి తెచ్చేవారు. అక్కడ వాళ్ళను దిక్కులేకుండా పడేశారని పత్రికల్లో వార్తలు రావడంతో దేశం అట్టుడికింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌కు స్నేహితుడు. ఆయన కోరిక మీద అక్టోబరు 21న 38 మంది నర్సులతో ఆమె బయలుదేరారు. ప్రయాణ సన్నాహాల హడావిడిలోనే అథీనా చనిపోయింది. ఆమె ఏడ్చారని ఇంట్లో వాళ్ళు రాసి పెట్టారు.

నవంబరు మొదటి వారంలో స్కుటారి చేరారు. అది ఆసుపత్రి కోసం కట్టింది కాదు, సైనికుల బ్యారక్. కింద మురుగు కాలువలు పూడిపోయి కంపు కొడుతున్నాయి. ఎలుకలు, పేలు. మంచాలు వరసగా వేస్తే నాలుగు మైళ్ళ పొడవుంటాయని లెక్క. సైనిక డాక్టర్లు మొదట ఆడవాళ్ళను వార్డుల్లోకే రానివ్వలేదు. ఆమె గొడవపడలేదు. తన వాళ్ళను కూర్చోబెట్టి కట్లకు గుడ్డలు సిద్ధం చేయించారు. ఇంకర్‌మన్ యుద్ధంలో గాయపడినవాళ్ళు గుంపులుగా వచ్చి పడేసరికి డాక్టర్లే పిలిచారు.

ఆ చలికాలం ఆమె చేసిన పని మాటల్లో చెప్పలేం. కట్లు కట్టడం ఒక్కటే కాదు. సబ్బు, తువ్వాళ్ళు, చొక్కాలు, చెంచాల దాకా తెప్పించాలి. బట్టలు ఉతికించాలి. పథ్యం వండించాలి. చనిపోయిన సైనికుల తల్లులకు ఉత్తరాలు రాయాలి. పగలు గుమాస్తా పని, రాత్రి వార్డుల్లో తనిఖీ. ఒక్కోసారి ఇరవై గంటలు నిలబడే ఉండేవారని చెబుతారు. చేతిలో ఉన్నది మన బొమ్మల్లో గీసే ప్రమిద లాంటి దీపం కాదు, టర్కీలో దొరికే మడత లాంతరు.

ఆమెతో వెళ్ళిన నర్సుల సంగతి మన పాఠాల్లో ఉండదు. ఇరుకు గదుల్లో సర్దుకున్నారు. కొందరు తాగి పట్టుబడి ఇంటికి పంపబడ్డారు. కొందరు జబ్బు పడి వెనక్కి వెళ్ళారు, కొందరు అక్కడే చనిపోయారు. మతాల పేరిట తమలో తాము తగవులాడుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మనిషి మోయగలిగినంతకు మించి బరువు పెడితే అది ఏదో ఒక రూపంలో బయటపడుతుంది. ఒకరికి కోపం, ఒకరికి మందు, ఒకరికి జ్వరం.

1855 మేలో ఆమె యుద్ధభూమికి దగ్గరగా ఉన్న బాలక్లావా ఆసుపత్రులను చూడడానికి వెళ్ళి తీవ్రమైన జ్వరంతో పడిపోయారు. జుట్టు కత్తిరించేశారు. బతకడం కష్టమనుకున్నారు. కాస్త తేరుకోగానే ఇంటికి వెళ్ళిపొమ్మంటే వినలేదు. చివరి సైనికుడు వెళ్ళేదాకా ఉండి, 1856 ఆగస్టులో, సన్మానాలూ ఊరేగింపులూ తప్పించుకోవడానికి మిస్ స్మిత్ అనే పేరుతో ఇల్లు చేరారు.

అంకెలు చెప్పిన చేదు నిజం

అంత కష్టపడ్డా స్కుటారిలో చావులు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రి పాలైనవాళ్ళలో నూటికి 42 మందికి పైగా చనిపోయారు. మార్చిలో లండన్ నుంచి ఒక పారిశుద్ధ్య బృందం వచ్చింది. పూడిన కాలువలు కడిగించింది, నీటి సరఫరా బాగు చేసింది, గాలి వచ్చే ఏర్పాట్లు చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి.

ఇంగ్లండు వచ్చాక విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని ఈ లెక్కలన్నీ తీశారు. గాయాలతో చనిపోయినవాళ్ళకన్నా, ఆపగలిగిన రోగాలతో చనిపోయినవాళ్ళే చాలా ఎక్కువని తేలింది. దాన్ని గుండ్రటి రంగుల పటంగా గీశారు. నివారించగల రోగాల చావులకు నీలం, గాయాల చావులకు ఎరుపు. లెక్క చదవని మంత్రికి కూడా ఒక్క చూపులో అర్థమయ్యేలా. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ గౌరవం దక్కిన మొదటి మహిళ ఆమే.

కానీ ఆ నీలం రంగు ఆమె గుండెలో ముల్లయింది. తన కళ్ళ ముందు, తన చేతుల్లో పోయినవాళ్ళలో ఎంతో మంది కాలువలు ముందే బాగు చేయించి ఉంటే బతికేవాళ్ళు. ఎంత ప్రేమగా చూసినా, ఎన్ని రాత్రులు మేల్కొన్నా, ఏర్పాట్లు సరిగా లేని చోట నర్సు సేవ ఒక్కటే రోగిని బతికించలేదు. జీవితాంతం ఆమె ఈ మాట మీదే నిలబడ్డారు.

ముప్ఫై ఏడేళ్ళకు మంచం

1857 ఆగస్టులో ఆమె కుప్పకూలారు. గుండె దడ, ఊపిరాడకపోవడం, నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, వెన్నులో భరించలేని నొప్పి. కొన్నేళ్ళు లేచి నడవలేకపోయారు. మనుషులు ఎక్కువ మంది కనబడితే తట్టుకోలేకపోయేవారు. యుద్ధం ముగిశాక ఆమె మరి 54 ఏళ్ళు బతికారు. అందులో చాలా ఏళ్ళు మంచంలోనో సోఫాలోనో గడిచాయి. దీపం పట్టుకుని తిరిగింది రెండేళ్ళ లోపే.

ఆ జబ్బేమిటన్నది ఇప్పటికీ వాదనే. క్రిమియాలో పాల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ వచ్చి, అది దీర్ఘకాలం వేధించిందని చాలా మంది వైద్యులు అనుకుంటున్నారు. యుద్ధం చూసిన మనసుకు తగిలిన దెబ్బ అని కొందరు, అతిశ్రమ అని కొందరు, లెక్కలు బయటపెట్టిన నిజం తట్టుకోలేకపోయారని కొందరు చరిత్రకారులు అంటారు. బహుశా అన్నీ కలిసే ఉంటాయి. అంత పట్టుదల ఉన్న మనిషి కూడా అలసిపోయి పడిపోయారన్నది మాత్రం నిజం. అది ఆమె సేవాగుణానికి మచ్చ కాలేదు.

పడ్డాక ఎలా నిలదొక్కుకున్నారు

ఆమె చేసుకున్న ఏర్పాట్లు చాలా మామూలువి. ఒక్కసారికి ఒక్కరినే కలిసేవారు, అదీ ముందుగా సమయం అడిగితేనే. మంత్రి వచ్చినా ఒంట్లో బాగా లేకపోతే తర్వాత రమ్మని కబురు పంపేవారు. సభలకు, సన్మానాలకు వెళ్ళడం మానేశారు. ఉన్న కాస్త ఓపికను తాను మాత్రమే చెయ్యగలిగిన పనికి దాచుకున్నారు. పక్కమీదే కాగితాలు పరచుకుని రాసేవారు. మేనత్త మాయ్ స్మిత్ కొన్నేళ్ళు తన ఇల్లు వదిలి వచ్చి తోడున్నారు. ఇంటి నిండా పిల్లులు. జీవితంలో అరవై దాకా పెంచారంటారు. వాటి పాదాల సిరా గుర్తులు పడిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువ కాలం మంచాన పడ్డ రోగికి చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఆమె పుస్తకంలోనే రాశారు.

ఆమె పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. తాను పడిపోయినా పక్కవాళ్ళ అలసటను ఆమె అర్థం చేసుకోలేదు. సిడ్నీ హెర్బర్ట్ మూత్రపిండాల జబ్బుతో కుంగిపోతూ, ఇక పని వదిలేస్తానని చెప్పినా, సైన్యం సంస్కరణలు పూర్తి కావాలని ఒత్తిడి చేశారు. 1861 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆమెకు సాయంగా ఉన్న కవి ఆర్థర్ క్లఫ్ అదే ఏడాది నవంబరులో పోయారు. మేనత్త తన సొంత కుటుంబం దగ్గరకు తిరిగి వెళ్తే, తనను వదిలేసిందని ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. అలసిన మనిషి తెలియకుండానే పక్కవాళ్ళను అలసటలోకి లాగుతుంది. వార్డు ఇన్‌ఛార్జి అయినా, బడి ప్రధానోపాధ్యాయుడైనా గమనించుకోవాల్సిన విషయం ఇది.

నర్సుకు ఒక గది

ప్రజలు ఆమె పేరిట పోగు చేసిన నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. తొలి జట్టులో 15 మంది. ఏడాది చదువు, చేతి ఖర్చులకు డబ్బు, బట్టలు, భోజనం, ఉండడానికి నర్సుల నివాసం. ఆ నివాసంలో ప్రతి విద్యార్థినికీ విడి గది. డ్యూటీ ముగిశాక తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చునే చోటు నర్సుకు ఉండాలన్న ఆలోచన ఆ రోజుల్లో కొత్త.

ఆ రోజుల్లోనే వెలువడిన ఆమె నర్సింగ్ పుస్తకంలో గాలి, వెలుతురు, శుభ్రత, శబ్దం గురించి అధ్యాయాలున్నాయి. ఒక అధ్యాయం మాత్రం పని ఏర్పాటు గురించి. నేనున్నప్పుడు జరిగే పని నేను లేనప్పుడు కూడా జరిగేలా చూడడమే అసలైన బాధ్యత అని అందులో సారాంశం. అన్నీ నేనే చూసుకోవాలి, నేను సెలవు పెడితే అంతా ఆగిపోతుంది అనుకోవడం గొప్పతనం కాదు, ఏర్పాటు లేకపోవడం. గడప దాటితే ఇల్లు నడవదనుకునే మన అమ్మలకూ ఈ అధ్యాయం పనికొస్తుంది.

ఆ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఆమె మళ్ళీ చూడాల్సి వచ్చింది. సెయింట్ థామస్‌లో శిక్షణ పొందిన ఆగ్నెస్ జోన్స్ 1865లో పన్నెండు మంది నర్సులతో లివర్‌పూల్‌లోని నిరుపేదల ఆసుపత్రికి వెళ్ళారు. వెయ్యికి పైగా రోగులు. తెల్లవారకముందే లేచి రాత్రి పొద్దుపోయేదాకా పని. మూడేళ్ళలో ఆ ఆసుపత్రి రూపం మార్చారు. 1868 ఫిబ్రవరిలో టైఫస్ సోకింది. అరిగిపోయిన శరీరం తట్టుకోలేదు. వయసు 35. నైటింగేల్ ఆమె మీద పత్రికలో కన్నీటి నివాళి రాశారు. కానీ నివాళితో ఆగలేదు. నిరుపేదల ఆసుపత్రులకు శిక్షణ పొందిన నర్సులు తగినంత మంది ఉండాలని, అందుకు చట్టం రావాలని పోరాడారు.

తన పాఠశాలలోనూ శిక్షణకు వచ్చిన పిల్లలతో ఆసుపత్రి చాకిరీ చేయిస్తోందని 1870 తర్వాత తెలుసుకున్నారు. అప్పటి నుంచి ఆ పిల్లలను ఒక్కొక్కరినీ ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, కష్టసుఖాలు అడిగేవారు. ఎక్కడెక్కడో పనిచేస్తున్న పాత విద్యార్థినులకు ఉత్తరాలు రాసేవారు. పండ్లు, గుడ్లు, పూలు పంపేవారు. బాగా అలసిపోయారని తెలిస్తే కొన్నాళ్ళు సెలవు పెట్టించి విశ్రాంతికి పంపేవారు. తాను పడిపోయి తెలుసుకున్నది తర్వాతి తరానికి ఆమె ఇలా ఇచ్చారు.

మన గోదావరి దాకా

ఆమె ఎన్నడూ భారతదేశం రాలేదు. అయినా మన దేశం గురించి నలభై ఏళ్ళు రాశారు. ఇక్కడి బ్రిటిష్ సైన్యంలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని లెక్క తీసి, మంచినీరు, మురుగు, ఇళ్ళ సంగతి చూడమని ప్రభుత్వం వెంటపడ్డారు. పదేళ్ళ తర్వాత ఆ సంఖ్య 18కి తగ్గింది. క్రమంగా ఆమె దృష్టి సైన్యం దాటి పల్లెల మీదికి మళ్ళింది. పల్లెల పారిశుద్ధ్యం గురించి పుణెలోని సార్వజనిక సభ వారితో ఉత్తరాలు నడిపారు. 1876–78 నాటి మహా కరవు ఆమెను కలచివేసింది.

కరవుకు జవాబు సాగునీరని నమ్మి ఆమె ఎవరి పక్షాన నిలిచారో తెలుసా? ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మన కాటన్ దొర పక్షాన. ఇద్దరి మధ్యా స్నేహం, ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండేవి. నాందేడ్ ఘాట్ల పక్కగా పారి, బాసర మీదుగా వెళ్ళి ధవళేశ్వరం చేరే గోదావరి గురించి లండన్‌లో మంచాన పడిన ఒక నర్సు ఆలోచించారన్నమాట. 1888లో శిక్షణ పొందిన నర్సుల తొలి చిన్న జట్టు సైనిక ఆసుపత్రుల కోసం ముంబయి రేవులో దిగింది. ఆ ప్రయత్నం వెనకా ఆమె ఉన్నారు.

చివరి ఏళ్ళలో చూపు పోయింది, జ్ఞాపకం మసకబారింది. 1907లో ఇంగ్లండు అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న మొదటి మహిళ అయ్యారు. 1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ళ వయసులో, నిద్రలోనే కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామన్నా, ఆమె కోరిక ప్రకారం కుటుంబం వద్దంది. సొంత పల్లె చర్చి ఆవరణలోని రాతి మీద పేరు కూడా లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన ఏడు, పోయిన ఏడు.

మన ఇంటి నర్సమ్మ

ఇప్పుడు మన సంగతి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు ఇళ్ళ నుంచి ఎందరో ఆడపిల్లలు ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివి ఉద్యోగాలకు వెళ్తున్నారు. రోగి మరాఠీలో పిలిచినా హిందీలో పిలిచినా తెలుగులో ఏడ్చినా అర్థం చేసుకునే పిల్లలు వీళ్ళు. ఆసుపత్రులకు ఇదొక వరం.

కానీ 2023 అక్టోబరు తొలి రోజులు మరిచిపోలేం. మన నాందేడ్ ప్రభుత్వ బోధనాసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు. వారిలో 12 మంది పసికందులు. రోగుల రద్దీ, మందులు, సిబ్బంది కొరత మీద దేశమంతా చర్చ జరిగింది. ముంబయి హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. ఆ వార్తలు చదువుతుంటే స్కుటారి గుర్తొచ్చింది. అలాంటి రాత్రి వార్డులో నిలబడిన నర్సు మనసు గురించి మాత్రం ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒక్కొక్కరికి ఒకరు ఉండాలని భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. మీ పిల్లనో, తెలిసిన నర్సునో అడిగి చూడండి, తన షిఫ్టులో ఎంత మంది రోగులో. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉద్యోగ అలసటకు లక్షణాలు చెప్పింది. ఒంట్లో సత్తువంతా పీల్చేసినట్టు ఉండడం, పని మీద విరక్తి, నేనేం చేసినా లాభం లేదన్న భావన. ఇది సరిగ్గా చూసుకోని పనిచోటు ఒత్తిడి వల్ల వచ్చేదని కూడా చెప్పింది. నూనె తీరిపోయిన దీపంలో వత్తి కాలుతుంది. తప్పు వత్తిది కాదు.

తల్లిదండ్రులుగా మనం చెయ్యగలిగినవి చిన్నవే. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కూతురికో కోడలికో పొద్దున వంట అప్పగించకండి. గది చీకటి చేసి, ఫోను తీసుకుని, నిద్రపోనివ్వండి. సేవ చేసే ఉద్యోగం కదా, ఓర్చుకో అనే మాట తగ్గించి, ఇవాళ ఏం జరిగిందని అడగండి. వార్డులో ఎవరైనా చనిపోయిన రోజు అస్సలు ఒంటరిగా వదలకండి. వారానికి ఒక్క పూటైనా ఆసుపత్రితో సంబంధం లేని పని, మొక్కలో, పాటలో, పిల్లి పిల్లో ఉండనివ్వండి. నర్సింగ్ కళాశాలలో చేర్పించేటప్పుడు ఫీజుతో పాటు హాస్టల్ గది ఎలా ఉందో, రాత్రి డ్యూటీలు ఎన్నో కూడా అడగండి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు, బతకాలని లేకపోవడం కొన్నాళ్ళు కొనసాగితే టెలిమానస్ ఉచిత నంబరు 14416కు తెలుగులోనూ మాట్లాడవచ్చు. డాక్టరుకు చూపించడం సిగ్గుపడాల్సిన పని కాదు.

ఉపాధ్యాయులుగా మనం పాఠం మార్చి చెబుదాం. దీపం పక్కన ఆ నీలం రంగు పటం కూడా గోడకు పెడదాం. నైటింగేల్ రోగులను ప్రేమించారని చెప్పినట్టే, నర్సులకు వేడి నీళ్ళు, విడి గది, చాలినంత మంది తోడు కావాలని అడిగారని కూడా చెబుదాం. అడగడం తప్పు కాదని పిల్లలకు తెలియాలి.

దీపావళికి వచ్చిన ఆ అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. సేవాగుణం చచ్చిపోలేదమ్మా, నీకు నిద్ర లేదు, తోడు లేదు, అంతే అన్నాను. పదిహేను రోజులు సెలవు పెట్టింది. ఉద్యోగంలోనే ఉంది. సెలవు ముగించి వెళ్ళేముందు తనతో పనిచేసే మరో ముగ్గురితో మాట్లాడి, రాత్రి డ్యూటీకి ఇద్దరేసి ఉండాలని నలుగురూ కలిసి అర్జీ రాశారట. జవాబు ఇంకా రాలేదు. డ్యూటీ నుంచి వచ్చిన పొద్దున వాళ్ళమ్మ మాత్రం వాకిట్లో కూర్చుని, తలుపు కొట్టబోయేవాళ్ళను ఆపుతోంది.